రివర్బ్, డిలే: అపోహలు – వాస్తవాలు

ఇంట్లోనే పాట పాడి, ల్యాప్‌టాప్‌లో మిక్స్ చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు పెరిగారు. అలాంటి పాటల్లో కొన్నిటికి శ్రుతి కుదురుతుంది, తాళం కుదురుతుంది, సాహిత్యం మాత్రం చెవికి అందదు. చాలాసార్లు ఆ నేరం గాయకుడిది కాదు, రివర్బ్ (గోడలకు తగిలి సాగే ధ్వని), డిలే (కాస్త ఆగి మళ్లీ పలికే ధ్వని)ల వాడకానిది.

అపోహ: రివర్బ్ దట్టిస్తే గొంతు నిండుగా వస్తుంది.
వాస్తవం: గొంతు వెనక్కి పోతుంది. నేరుగా వచ్చే శబ్దం ఎంత, గోడలకు తగిలి వచ్చేది ఎంత అన్నదాన్ని బట్టి కూడా మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చెవి పోల్చుకుంటుంది. గొంతు ముందుండాలి, హాలూ వినిపించాలి అనుకుంటే ప్రీ-డిలే పెంచాలి. 30 మిల్లీసెకన్లు పెట్టి చూడండి: ముందు అక్షరం స్పష్టంగా పలుకుతుంది, ఆ తర్వాతే రివర్బ్ మొదలవుతుంది.

అపోహ: గది బాగా లేకపోయినా రివర్బ్ కప్పేస్తుంది.
వాస్తవం: కప్పదు, సాగదీస్తుంది. చిన్న గదిలోని డబ్బా మోత గొంతుతోపాటే రికార్డవుతుంది. కంప్రెసర్ దాన్ని ఇంకా పైకి తేలుస్తుంది. పాడేవారి వెనక దళసరి దుప్పట్లు వేలాడదీసి మళ్లీ పాడించడం మేలు.

అపోహ: డిలే టైమ్ ఎప్పుడూ టెంపోకు కలవాల్సిందే.
వాస్తవం: లెక్క తేలికే. 60,000ను బీపీఎంతో (నిమిషానికి బీట్ల సంఖ్యతో) భాగిస్తే ఒక బీట్‌కు ఎన్ని మిల్లీసెకన్లో తెలుస్తుంది. 120కి 500, 96కి 625. పల్లవి చివరి మాట తాళంలో మళ్లీ పలకాలంటే ఈ లెక్క కావాలి. కానీ 1950లలో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ ఎల్విస్ ప్రెస్లీ పాటలకు వాడిన స్లాప్‌బ్యాక్ (వెంటనే ఒక్కసారి తిరిగి పలికే డిలే) టెంపోను చూసి పెట్టింది కాదు. రికార్డింగ్ హెడ్ నుంచి ప్లేబ్యాక్ హెడ్ దాకా టేపు చేరడానికి పట్టిన సమయమే అక్కడ డిలే.

అపోహ: మంచి ప్లగిన్ ఉంటే రివర్బ్‌కు ఈక్యూ అక్కర్లేదు.
వాస్తవం: మంచి యంత్రానికీ ఈక్యూ అవసరమైంది. జర్మనీ నుంచి 1957లో ఈఎంటీ 140 ప్లేట్ రివర్బ్ వచ్చింది. పెద్ద ఉక్కు రేకును కంపింపజేసి ప్రతిధ్వని పుట్టించే యంత్రమది. లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో ప్లేట్‌కు పంపే శబ్దాన్నే ముందు వడకట్టేవారు: సుమారు 600 హెర్ట్జ్‌కు దిగువన, 10,000 హెర్ట్జ్‌కు ఎగువన కోత. ఇవాళ్టి ప్లగిన్‌కూ ఇదే మందు. కింది కోతతో మిక్స్‌లో బురద తగ్గుతుంది, పై కోతతో ‘స’, ‘శ’ల బుసలు రివర్బ్‌లో సాగవు.

అపోహ: ప్రతి ట్రాక్‌కూ విడి రివర్బ్ వేయాలి.
వాస్తవం: అలా వేస్తే గాయని గుళ్లో, వయొలిన్ బాత్‌రూమ్‌లో, తబలా మైదానంలో ఉన్నట్టుంటుంది. ఒక ఆక్స్ ట్రాక్‌లో రివర్బ్‌ను 100 శాతం వెట్‌గా (అసలు శబ్దం కలవకుండా) పెట్టి, అన్నిటినీ సెండ్‌ల ద్వారా దానికి పంపితే అందరూ ఒకే హాల్లోకి వస్తారు. తేడా కావాలనే చూపాలంటే మాత్రం విడిగా వేయాల్సిందే. 1981లో వచ్చిన ఫిల్ కాలిన్స్ పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’లో డ్రమ్స్‌కు ఉన్న గేటెడ్ రివర్బ్ (హఠాత్తుగా తెగిపోయే రివర్బ్) అలాంటిదే.

అపోహ: సోలోలో బాగుంటే పాటలోనూ బాగుంటుంది.
వాస్తవం: సోలోలో విన్న రివర్బ్‌ను డ్రమ్స్, కీబోర్డ్ కలిసి మింగేయొచ్చు. పాటంతా నడుస్తుండగానే సెండ్ ఫేడర్ పెంచండి. రివర్బ్ విడిగా వినబడగానే కాస్త దించండి. తర్వాత మ్యూట్ చేయండి. వెలితిగా అనిపిస్తే అది అవసరమే. ఏ తేడా తెలియకపోతే మొహమాటపడకుండా తీసేయండి.