దూరపు కంప్యూటరుతో గుప్తసంభాషణ

ఇంట కూర్చుండి వేయి మైళ్ల దూరముననున్న కంప్యూటరును నడుపుట నేడు వింత కాదు. మనము టైపు చేసిన ఆజ్ఞ ఇంటర్నెట్ మార్గమున పోయి ఆ యంత్రమును చేరును. బదులు మరలి వచ్చును. అయితే దారిలో ఆ మాటలు ఎన్ని యంత్రముల చేతులు మారునో మనకు కానరాదు.

1969లో పుట్టిన టెల్‌నెట్ పద్ధతిలో మాటలన్నియు పోస్టుకార్డు మీది వ్రాతవలె బయలుగా పోయెడివి. రహస్యపదము సైతము అంతే. 1995లో ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు కంప్యూటరు వ్యవస్థలో ఎవరో పొంచియుండి రహస్యపదములను దొంగిలించిరి. అచ్చటి పరిశోధకుడు తాతు యూలొనెన్ దానికి విరుగుడుగా ఆ యేడే 'సెక్యూర్ షెల్' అను సాధనమును నిర్మించి ఉచితముగా పంచిపెట్టెను. దీనినే పొట్టిగా ఎస్.ఎస్.హెచ్. అందురు.

దీని వాడుక సులభము. ఆజ్ఞాపంక్తిలో ఎస్.ఎస్.హెచ్. అను అక్షరములను చిన్నబడిలో వ్రాసి, కొంత ఎడమిచ్చి, ఆ కంప్యూటరులో మనకు గల పేరు, 'ఎట్' గుర్తు, కంప్యూటరు పేరు వరుసగా చేర్చి ఎంటర్ మీట నొక్కవలెను. అంతట రెండు యంత్రములును, తాళపుచెవిని దారిలో పంపకయే, గణితబలముచే ఒకే తాళపుచెవిని ఎక్కడిదక్కడ కల్పించుకొనును. ఈ విచిత్రమైన ఉపాయమును 1976లో డిఫీ, హెల్మన్ అను ఇరువురు పండితులు ప్రకటించిరి. అటుపై సాగు సంభాషణ దారి కాచిన వానికి అర్థము కాదు.

ఇంత గట్టి తాళమునకును ఒక బలహీనస్థానము గలదు. మొదటిసారి పోయినపుడు సాధనము ఆ యంత్రపు 'వ్రేలిముద్ర'ను, అనగా కొన్ని అక్షరముల వరుసను చూపి, "ముందుకు సాగుదునా?" అని యడుగును. పెక్కుమంది చదువకయే 'యెస్' అని వ్రాయుదురు. నడుమ మోసగాడు నిలిచియున్నచో, రహస్యపదమును చేజేతుల వాని కప్పగించినట్లే! తాళము మాటను దాచును గాని, ఆవలి వాడెవడో తేల్చుట ఆ తొలిసారి మన వంతు.

కావున ఆ వ్రేలిముద్రను యంత్రపాలకుని వలన ముందుగానే టెలిఫోనులోనో, స్వయముగానో తెలిసికొని, అక్షరమక్షరము సరిచూడవలెను. ఒకసారి అంగీకరించిన ముద్రను సాధనము జ్ఞాపకముంచుకొనును. మరియొకనాడు అది మారినచో హెచ్చరించి నిలిచిపోవును. యంత్రమును క్రొత్తగా అమర్చియుండవచ్చును, మోసమును కావచ్చును. విచారింపక పాత గుర్తును చెరిపివేయరాదు. పని ముగిసినంతనే 'ఎగ్జిట్' అని వ్రాసి వెలికి వచ్చుట మరువరాదు.