పది నిమిషాలు ఆగిన బండి: నార్త్ ప్లాట్ పట్టణ గాథ

1941 డిసెంబరు 17వ తేదీ. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో నార్త్ ప్లాట్ అనే చిన్న పట్టణం. రైల్వే స్టేషనులో సుమారు 500 మంది ప్రజలు ఒక బండి రాకకై వేచి ఉన్నారు. పెర్ల్ హార్బర్‌పై జపాను దాడి చేసి అప్పటికి పది రోజులే అయింది. అమెరికా రెండవ ప్రపంచ యుద్ధంలో దిగింది. నెబ్రాస్కాకు చెందిన నేషనల్ గార్డ్ సైన్యంలోని డి కంపెనీ ఆ బండిలో వస్తున్నదని ఊరంతా వార్త ప్రాకింది. ఆ దళంలో ఉన్నవారు ఆ ప్రాంతపు బిడ్డలే. కనుక తల్లులు, అక్కచెల్లెళ్ళు తినుబండారాలు, కానుకలు పట్టుకొని వచ్చారు.

బండి వచ్చి ఆగింది. కాని అందులో ఉన్న ముఖాలు పరిచయమైనవి కావు. అది కాన్సాస్ రాష్ట్రానికి చెందిన డి కంపెనీ! కొద్దిసేపు ఎవరికీ ఏమీ పాలుపోలేదు. ఆ తరువాత, తమ బిడ్డల కోసం తెచ్చినవన్నీ ఆ పరాయి బిడ్డల చేతుల్లోనే పెట్టి సాగనంపారు. ఆ చిన్న పొరపాటే ఒక పట్టణ చరిత్రను మార్చివేసింది.

రైలు కన్న ఊరు

నార్త్ ప్లాట్ రైలుమార్గం వలన పుట్టిన ఊరు. అమెరికా ఖండాన్ని తూర్పు పడమరలుగా కలిపే తొలి రైలుమార్గంలో తూర్పు భాగాన్ని యూనియన్ పసిఫిక్ సంస్థ నిర్మించింది. ఆ సంస్థ ముఖ్య ఇంజనీరు గ్రెన్‌విల్ డాడ్జ్ 1866లో ఉత్తర ప్లాట్, దక్షిణ ప్లాట్ నదులు కలిసే చోటుకు సమీపాన ఈ ఊరికి స్థలం నిర్ణయించాడు. ఆ ఏడాది చివరికి పట్టాలు అక్కడికి చేరాయి. చలికాలమంతా పని అక్కడే ఆగడంతో వేలాది కూలీలు, వర్తకులు, జూదగాళ్ళు గుడారాలు వేసుకొని దిగారు. మరుసటి ఏడాది పట్టాలు పడమటికి సాగగానే ఆ జనమంతా వాటి వెంటే తరలిపోయారు.

అలా వెలసిన గుడారాల ఊళ్ళు ఎన్నో ఆనవాలు లేకుండా పోయాయి. నార్త్ ప్లాట్ మాత్రం నిలిచింది. ఇంజన్లను నిలిపే షెడ్డు, మరమ్మతు కార్ఖానా అక్కడ ఏర్పడడమే అందుకు కారణం. ఊరిలో ఎందరికో రైల్వేయే జీవనాధారమైంది. ఐర్లండు నుండి వలస వచ్చిన ఒక రైల్వే కూలీ కుమారుడు విలియం జెఫర్స్ ఈ ఊరిలోనే 1876లో జన్మించాడు. బండి బయలుదేరే వేళకు సిబ్బందిని ఇళ్ళకు వెళ్ళి పిలుచుకువచ్చే కుర్రవాడిగా కొలువులో చేరి, 1937 నాటికి యూనియన్ పసిఫిక్ సంస్థకే అధ్యక్షుడయ్యాడు.

ఒక ఉత్తరం, ఒక గది

డిసెంబరు 17 నాటి జనంలో రే విల్సన్ అనే 26 ఏళ్ళ యువతి ఉంది. ఆమె ఒక దుకాణంలో ఉద్యోగిని. ఆమె సోదరుడు నెబ్రాస్కా డి కంపెనీలో ఉన్నాడు. మరునాడే ఆమె స్థానిక దినపత్రికకు లేఖ వ్రాసింది. ఈ ఊరి మీదుగా వెళ్ళే ప్రతి సైనిక రైలునూ ఇలాగే ఎదుర్కొని ఆదరించాలన్నది అందులోని సారాంశం. క్రిస్మస్ నాడే, అంటే డిసెంబరు 25న, ఆ సేవ మొదలయింది. స్టేషనులో ఖాళీగా ఉన్న భోజనశాలను వాడుకొనడానికి రైల్వే అనుమతించింది. అదే నార్త్ ప్లాట్ క్యాంటీన్. అనారోగ్యం వలన రే విల్సన్ తప్పుకున్న తరువాత హెలెన్ క్రైస్ట్ ఆ బాధ్యతను వహించింది.

ఆనాటివి ఆవిరి ఇంజన్లు. నీరు పట్టడానికి, చక్రాలకు నూనె వేయడానికి బండి అక్కడ పది పదిహేను నిమిషాలు ఆగేది. ఆ కొద్ది వ్యవధిలోనే వందలాది సైనికులు దిగి, పరుగున వచ్చి, తిని తిరిగి ఎక్కాలి. కాఫీ, పాలు, ఉడికిన గ్రుడ్లు, శాండ్‌విచ్‌లు, కేకులు బల్లలపై సిద్ధంగా ఉండేవి. ఆనాడు పుట్టినరోజైన సైనికునికి ఒక కేకు ప్రత్యేకం. దేనికీ పైసా తీసుకొనేవారు కారు. కొన్ని దినాలలో ఇరవైకి పైగా బండ్లు వచ్చేవి.

వంతుల వారీ సేవ

అప్పటికి నార్త్ ప్లాట్ జనాభా సుమారు 12 వేలు. రోజూ వేలమందికి పెట్టడం ఒక్క ఊరి వలన అయ్యే పని కాదు. చుట్టుప్రక్కల పల్లెలు, పట్టణాలు వంతులు వేసుకొన్నాయి. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క రోజు. మొత్తం 125 ఊళ్ళవారు పాల్గొన్నారు. రాష్ట్రపు సరిహద్దు దాటి కొలరాడో నుండి కూడా స్త్రీలు వండిన పదార్థాలతో వచ్చేవారు. పంచదార, కాఫీ, పెట్రోలు రేషనులో ఉన్న కాలమది. ఇంటి వాటాలోని పంచదారను మిగిల్చి కేకులు చేశారు. మాంసం కొరతగా ఉంటే పొలాల్లోని ఫెజంట్ పక్షులను వేటాడి తెచ్చారు.

ఖర్చును చందాలు, వేలంపాటలు, నృత్య కార్యక్రమాల రాబడితో భరించారు. ఒక బాలుడు తన ఒంటిమీది చొక్కానే వేలం వేసి డబ్బు తెచ్చి ఇచ్చాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా 5 డాలర్లు పంపాడు. 1946 ఏప్రిల్ 1న క్యాంటీన్ మూతపడే నాటికి 60 లక్షలకు పైగా సైనికులు ఆ ఆతిథ్యం పొందారు. సేవ చేసినవారు సుమారు 55 వేలమంది.

మరచిపోరాని మరొక పుట

ఈ ఊరి చరిత్రలో తలవంచుకోవలసిన పుట కూడా ఉన్నది. 1929 జూలైలో ఒక పోలీసు అధికారి హత్య జరిగింది. దానికి ఒక నల్లజాతి వ్యక్తి కారకుడైతే, ఆగ్రహించిన మూక నేరంతో సంబంధంలేని నల్లజాతి కుటుంబాలను ఊరు విడిచి పొమ్మని బెదిరించింది. సుమారు 200 మంది ఇళ్ళు వదలి పారిపోయారు. పన్నెండేళ్ళ తరువాత అదే ఊరి స్టేషనులో నల్లజాతి సైనికులకు కూడా తక్కిన సైనికులతో పాటు సమానంగా వడ్డించారు. సైన్యంలో సైతం వారిని వేరుగా ఉంచిన రోజులవి. రెండవది మొదటిదాన్ని తుడిచివేయదు. అయితే ఒకే ఊరు తన గుమ్మంలోని మనిషిని ఏ విధంగా చూడగలదో రెండు పుటలూ కలిపి చెబుతాయి.

స్టేషను పోయినా

యుద్ధానంతరం కార్లు, విమానాలు పెరిగాయి. 1971లో నార్త్ ప్లాట్‌కు ప్రయాణికుల బండ్లు నిలిచిపోయాయి. 1973లో రైల్వే ఆ స్టేషను భవనాన్ని పడగొట్టించింది. లక్షలాది సైనికులు జీవితాంతం తలచుకొన్న గది ఈనాడు లేదు. స్థానిక చరిత్ర ప్రదర్శనశాలలో మాత్రం క్యాంటీన్ జ్ఞాపకాలను భద్రపరచారు.

రైల్వే మాత్రం ఊరిని విడువలేదు. పట్టణానికి పడమట ఉన్న బెయిలీ యార్డు ప్రపంచంలోనే అతి పెద్ద రైల్వే యార్డుగా పేరొందింది. దాని పొడవు 8 మైళ్ళు, విస్తీర్ణం 2,850 ఎకరాలు. వచ్చిన సరుకు బండ్లను విడదీసి, వ్యాగన్లను గమ్యాన్ని బట్టి కొత్త బండ్లుగా కూర్చడం అక్కడి పని.

2018 జూన్‌లో అర్కాన్సా నేషనల్ గార్డ్‌కు చెందిన సుమారు 700 మంది సైనికులు బస్సులలో ఆ ఊరి మీదుగా వెళ్ళారు. ఊరివారు మళ్ళీ బల్లలు వేసి వారికి భోజనం పెట్టారు. క్యాంటీన్ మూతపడి అప్పటికి 72 ఏళ్ళు. ఆనాడు వడ్డించినవారి పిల్లలు, మనుమలు వడ్డన చేశారు. ఈసారి కూడా దిగినవారు వేరే రాష్ట్రపు బిడ్డలే.