బల్లకు దూరంగా కూర్చున్నవారు



మన పల్లె సంఘాలలో ప్రభువు బల్ల ఆచరించే ఆదివారం ఒక సంగతి గమనించండి. ప్రసంగం ముగుస్తుంది. పాస్టరు గారు బల్లమీద కప్పిన తెల్లని గుడ్డ తీస్తారు. రొట్టె, పాత్ర కనబడతాయి. (పాత్రలో ఉన్నది చాలా ఊళ్లలో ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన రసమే.) అప్పుడు వెనుక వరుసలో నుండి ఒకరిద్దరు మెల్లగా లేచి వసారాలోకి వెళ్లిపోతారు. మరికొందరు ఆ ఆదివారం గుడికే రారు. వీరు అన్యులు కారు, బాప్తిస్మము పొందినవారే. వీరి పేర్లు సంఘం పుస్తకంలో ఉన్నాయి.

ఎందుకమ్మా లేచిపోతున్నావని అడిగితే సిక్కోలు జిల్లాలో వినబడే జవాబు ఇదే: "నానెలాగ ముట్టుకుంతానమ్మా? నా బతుకు నీకు తెలీదేటి?"

ఆ బతుకు ఏమిటో ఊరందరికీ తెలుసు. ఒకడు కూలి డబ్బుతో సారా తాగి ఇంటికి వచ్చినవాడు. మరొకడు అన్నదమ్ముల మధ్య పొలం గట్టు జరిపి మూడేళ్లుగా మాటలు లేనివాడు. ఇంకొకడు దూర పట్టణానికి పనికి వలసపోయి అక్కడ జరిగినది భార్యకు చెప్పలేక తల దించుకొని తిరుగుతున్నవాడు. బాప్తిస్మము నాడు నీళ్లలో నిలబడి చెప్పిన మాట తప్పినామని వారికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. ఒక నెల బల్ల తప్పితే రెండవ నెల తప్పడం సులభం. ఏడాది తిరిగేసరికి ఆ కుటుంబమే గుడికి దూరమవుతుంది, పిల్లలు సండేస్కూలు మానేస్తారు. మన సంఘాలు ఈ విధంగా పోగొట్టుకున్న ఆత్మలు, ఇతరుల బోధ విని వెళ్లిపోయినవారికంటె తక్కువ కాదని నా అభిప్రాయం.

వారి భయానికి ఆధారం ఒక వాక్యం. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయంలో పౌలు, అయోగ్యముగా ఆ రొట్టె తిని ఆ పాత్రలోనిది త్రాగేవాడు అపరాధి అవుతాడని హెచ్చరించాడు. బల్ల ఆరాధనలో ఈ భాగం చదవగానే మన వారి గుండె జల్లుమంటుంది. అయితే ఆ అధ్యాయం పైనుండి చదవండి. కొరింథులో ఏమి జరిగింది? కలిగినవారు ముందుగా వచ్చి కడుపునిండా తిని మత్తులయ్యారు. పని ముగించుకొని ఆలస్యంగా వచ్చిన పేదవారు ఆకలితో సిగ్గుపడి నిలబడ్డారు. పౌలుకు కోపం వచ్చినది అందుకు. "అయోగ్యముగా" అనే మాట తినే తీరును గూర్చినది. యోగ్యులైన మనుష్యులే రావాలని అక్కడ వ్రాసి ఉంటే ఆ బల్ల దగ్గరకు పౌలు కూడా వెళ్లలేడు. తరువాతి వచనం మరీ ముఖ్యం. ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొనాలి, ఆలాగు చేసి తినాలి అని ఉన్నది. పరీక్షించుకొని లేచిపొమ్మని ఎక్కడా లేదు.

ఈ మాట మన ప్రాంతపు భక్తుడొకడు మన భాషలోనే, రాగంతో తాళంతో, ఏనాడో మనకు నేర్పి ఉన్నాడు. ఆయన పురుషోత్తమ చౌదరి గారు. 1803లో అప్పటి గంజాం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆనాడు శ్రీకాకుళం కూడా ఆ జిల్లాలోనిదే. ఇప్పుడు పాతపట్నం దాటితే వచ్చే పర్లాకిమిడి 1936లో ఒడిషాలో చేరింది గాని, చౌదరి గారి కాలంలో అదంతా ఒకటే సీమ. పూర్వీకులు వంగదేశంవారైనా ఆయన పాటలకు తెలుగే సొంతమైంది. సత్యం కొరకు వెదకుతున్న రోజులలో శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే విశ్వాసురాలి వలన ఆయనకు సహాయం దొరికింది. 1833లో కటకంలో బాప్తిస్మము పొందారు. అది మొదలు 1890లో ప్రభువు సన్నిధికి చేరేవరకు ఈ తీరమంతా సువార్త పనిలో గడిపారు. ఆయన రచించిన కీర్తనలు నూటికి పైగా ఉన్నాయి. వాటిలో అనేకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి, బాప్టిస్టు, లూథరన్ అనే భేదం లేకుండా తెలుగు సంఘాలన్నిటిలో పాడబడుతున్నాయి.

వాటిలో "త్రాహిమాం" అని మొదలయ్యే కీర్తన ఎరుగని క్రైస్తవ కుటుంబం మన రెండు జిల్లాలలో అరుదు. త్రాహి అంటే రక్షించు, మాం అంటే నన్ను. చదువు రాని ముసలమ్మలు కూడా ఆ సంస్కృతపు ముక్కను చక్కగా పలుకుతారు. కీర్తన అంతా ఒక పాపి మొర. తన యింద్రియాలకు తాను లోబడిపోయాననీ, నీ పాదాలే నాకు దిక్కనీ ఆ భక్తుడు మొరపెడతాడు.

ఇక్కడ రెండు సంగతులు ఆలోచించాలి.

మొదటిది, ఆ మాట చౌదరి గారు కొత్తగా పుట్టించినది కాదు. గుడిలో ప్రదక్షిణం చేస్తూ, నేను పాపిని, పాపకర్మములు చేసినవాడను, దేవా నన్ను కృపతో రక్షించుము అని చెప్పుకొనే సంస్కృత శ్లోకం ఒకటి ఉన్నది. బ్రాహ్మణ గృహంలో పెరిగిన ఆయన చెవికి అది చిన్నతనం నుండి పరిచయమై ఉండాలి. అంటే పాపినని ఒప్పుకోవడం మన దేశానికి విదేశీయులు తెచ్చి నేర్పిన మాట కాదు. ఆ మొర ఈ నేలమీద ఎప్పటినుండో ఉన్నది. చౌదరి గారు తెలుసుకున్నది ఆ మొర ఎవరికి పెట్టుకోవాలో, ఆ మొరకు జవాబుగా ఎవరు సిలువమీద వేలాడారో. అందుచేత పాత మాటను పారవేయక, దాని ప్రక్కన క్రీస్తు నామము పెట్టారు.

రెండవది, ఆ మొర పెట్టినవాడు ఎవరు? క్రీస్తును ఎరుగనివాడు కాడు. ఆయనను నాథుడని పిలిచేవాడే. కులాన్నీ బంధువులనూ నష్టంగా ఎంచి వచ్చినవాడు, పదిమందికి బోధించినవాడు. అటువంటివాడు కూడా "పూర్వం నేను పాపిని" అని సాక్ష్యం చెప్పి ఊరుకోక, రక్షించుమని ఇప్పటి మాటగా అడుగుతున్నాడు. విశ్వాసులు దానిని ఆరాధనలో తమ మొరగా పాడుకుంటున్నారు. పాటలో "నేను పాపిని" అని గొంతెత్తి పాడి, పాట కాగానే "నేను పాపిని గనుక బల్లకు రాను" అని లేచిపోవడం ఏమి న్యాయం? పాటలో అడిగినదే గదా బల్లమీద పెట్టి ఉన్నది!

పౌలు మాటలలోనూ ఇదే చూస్తాము. కొరింథీయులకు వ్రాసినప్పుడు తాను అపొస్తలులలో తక్కువవాడనన్నాడు. ఎఫెసీయులకు వ్రాసినప్పుడు పరిశుద్ధులందరిలో అత్యల్పుడనన్నాడు. తిమోతికి వ్రాసినప్పుడైతే పాపులలో తాను ప్రధానుడనన్నాడు. "ప్రధానుడనైయుంటిని" అనలేదు, "ప్రధానుడను" అన్నాడు. సేవలో ఏండ్లు గడిచేకొద్దీ తన లెక్కలో తాను తగ్గుతున్నాడు. దీపం పెద్దది చేస్తే ఇంటి మూలల్లో బూజు కనబడినట్టు, కృపకు దగ్గరైనవానికే తన మురికి ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి వసారాలో కూర్చున్న సహోదరుడా, నీ పాపం నీకు బరువుగా తోచడం నీవు విడువబడినావనడానికి గుర్తు కాదు. విడువబడినవానికి ఆ బరువే తెలియదు.

మన తెలుగులో ఒక చిత్రమున్నది. చిన్నబిడ్డ జారిపడితే "అయ్యో పాపం!" అంటాము. చేసిన దోషానికీ, పడినవానిమీద జాలికీ మనకు ఒకటే మాట. వ్యాకరణం తెలిసినవారు దీనికేమి కారణం చెబుతారో గాని, పడినవానిని చూచినప్పుడు మన సంఘపెద్దలకు ఈ మాటలోని రెండవ అర్థం కూడా జ్ఞాపకం రావాలని నేను కోరుకుంటాను.

మంచిది, మనిషి తప్పక నిలబడాలంటే కట్టుదిట్టం చేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. చట్టం ఎంత చేయగలదో మన రాష్ట్రం కళ్లారా చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు సారాకు ఎదురు నిలిచారు. ఆ మంట రాష్ట్రమంతా ప్రాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ తల్లులు చేసినది గొప్ప పని. ఎన్నో ఇళ్లలో అన్నం కుండ నిండింది. అయినా 1997లో నిషేధం సడలిపోయింది. అంగడి మూసిన కాలంలోనూ దొంగచాటు సరుకు ఆగలేదు. చట్టం అంగడికి తాళం వేయగలదు, మంచి తాళమే, వేయవలసినదే. కాని దాహం మనిషి లోపల ఉన్నది. మేలైనది చేయగోరుతాను గాని చేయలేకపోతున్నాను అని రోమా పత్రిక ఏడవ అధ్యాయంలో పౌలు మొత్తుకున్నది ఈ దాహాన్ని గూర్చే. ధర్మశాస్త్రం పరిశుద్ధమైనదని ఒప్పుకుంటూనే అది తనను లేవనెత్తలేకపోయిందన్నాడు. తాగుడు మానిన మన సహోదరులను అడిగి చూడండి. ఒట్టు పెట్టుకొని మానినవారికంటె, పడి, లేచి, మళ్లీ పడి, ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంటికి వచ్చి ప్రార్థన చేయగా లేచినవారే ఎక్కువగా కనబడతారు.

ఇంతవరకు చదివి, కృప ఉన్నది గదా, ఏమి చేసినా బల్లకు రావచ్చునన్నమాట అని ఎవరైనా అనుకుంటే వారితో కూడా ఒక మాట చెప్పాలి. కృప విస్తరించుటకు పాపమందు నిలిచియుందుమా అన్న ప్రశ్నను పౌలే వేసి, అట్లనరాదని కొట్టివేశాడు. జక్కయ్య ఇంటికి ప్రభువు వచ్చినప్పుడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. గమనించండి, ప్రభువు ముందుగా ఇంటికి వచ్చాడు, లెక్క తరువాత తేలింది. కాని లెక్క తేలింది! గట్టు జరిపినవాడు క్షమాపణ పొంది గట్టును అక్కడే ఉంచుకుంటే దానిని ఏమనాలి?

నిజం చెప్పాలంటే, వసారాలో కూర్చున్నవారి గూర్చి నాకు అంత దిగులు లేదు. వారికి తమ జబ్బు తెలుసు. ముందు వరుసలో జంకు లేకుండా చేయి చాపే వారిని గూర్చి ఎక్కువ దిగులు. మన సంఘాలలో సారా వాసన అందరికీ తెలుస్తుంది, వాసన లేని పాపాలు తెలియవు. కట్నం బేరం కుదిరేవరకు పెండ్లి ప్రార్థన ఆపించినవాడు బల్లకు వస్తాడు. పేదవానికి వడ్డీమీద వడ్డీ వేసినవాడు వస్తాడు. పాత్రలు ఇంకా కడుగకముందే ఫలానా కులంవారికి పిల్లనివ్వమని మాట్లాడుకునేవారు వస్తారు. పురుషోత్తమ చౌదరి గారు కీర్తనలతో ఆగక "కులాచార పరీక్ష" అనే పుస్తకం కూడా వ్రాసినది ఊరికే కాదు. తన జన్మకు లోకం ఇచ్చిన గౌరవాన్ని వదులుకొని వచ్చిన మనిషి ఆయన. ఆ గౌరవాన్నే మనం గుడిలోకి మోసుకొని వస్తున్నాము. లూకా పద్దెనిమిదవ అధ్యాయంలోని పరిసయ్యుడు వారానికి రెండుమారులు ఉపవాసం చేశాడు, దశమభాగం ఇచ్చాడు. అవి అబద్ధాలు కావు. దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకున్న సుంకరి మాత్రం నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు. దూరంగా నిలిచినవాడు దేవాలయం వదలి పారిపోలేదన్న సంగతి కూడా మరువవద్దు. అతడు అక్కడే నిలబడి అడిగాడు.

సంఘపెద్దలకు, స్త్రీల సమాజపు అక్కలకు నా మనవి ఇంతే. బల్ల ఆదివారం ప్రకటన చేసి ఊరుకోకండి. ఆ వారంలో, గత నెల లేచిపోయినవారి ఇళ్లకు సాయంత్రం పూట, పొలం పనులు ముగిసి కాళ్లు కడుక్కొనే వేళకు వెళ్లండి. పదిమంది వద్దు, ఇద్దరు చాలు. ఏమి చేశావని మొదట అడగవద్దు, ఒక కీర్తన పాడండి. చెప్పదలచుకుంటే వారే చెబుతారు. చెప్పినది మీ దగ్గరే ఉండాలి, మరునాడు బోరింగు దగ్గర వినబడకూడదు. భార్యతో చెప్పవలసినది ఉంటే పాస్టరు గారిని, అమ్మగారిని కలిసి కూర్చోమనండి. తాగుడైతే కూలి డబ్బు కొంతకాలం ఎవరి చేతికి రావాలో అతనినే తేల్చుకోనివ్వండి. అన్నదమ్ముల తగాదా అయితే, అర్పణ బలిపీఠం ఎదుట విడిచి ముందుగా సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పినది చదివి, తెల్లవారగానే వానితోపాటు పొలానికి వెళ్లండి. గట్టు కొలవడానికి తాడు కూడా పట్టుకొని వెళ్లండి.