బీరంగూడకి ఎన్ని బైట్లు?

బీరంగూడలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టండి. బీ, రం, గూ, డ. నాలుగే కదా? యూనికోడ్‌ని అడిగితే ఏడు అంటుంది. గుడిదీర్ఘం, సున్నా, కొమ్ముదీర్ఘం దానికి విడివిడి గుర్తులు. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, మొత్తం 21. ఈ మూడు లెక్కల్లో తప్పుది వాడి నేను రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాను.

సంగతేంటంటే, డైరెక్టరీ సర్వర్‌తో మాట్లాడే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి పైథాన్‌లో రాద్దామని రూమ్‌లో మేం ముగ్గురం మొదలుపెట్టాం. వైఫైకి, ల్యాబ్ సిస్టమ్‌కి, మెయిల్‌కి ఒకటే పాస్‌వర్డ్ పనిచేస్తుందంటే, చాలాచోట్ల దాని వెనక ఉండేది డైరెక్టరీయే. ఎవరెవరున్నారు, ఏ బ్రాంచి, ఏ గ్రూపు అన్నది చెట్టులా అమర్చిన రిజిస్టర్ అనుకోండి. రాయడం తక్కువ, వెతకడం ఎక్కువ. ప్రతి ఎంట్రీకి ఒక పూర్తి పేరు ఉంటుంది, ఉత్తరం మీద అడ్రస్‌లాగా: ముందు మనిషి, తర్వాత బీరంగూడ, తర్వాత సంగారెడ్డి జిల్లా, చివర తెలంగాణ.

ఆ సర్వర్‌తో మాట్లాడే భాష ఎల్‌డాప్. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం అప్పటి పీసీలకి మోయలేనంత బరువు. మిషిగన్ యూనివర్సిటీలో ఉన్న టిమ్ హోవ్స్ మరికొందరితో కలిసి దాన్ని తేలిక చేశాడు, 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1487గా వచ్చింది. ఆ మిషిగన్ కోడ్ నుంచే 1998లో ఓపెన్‌ఎల్‌డాప్ పుట్టింది. పైథాన్‌కి పైథాన్-ఎల్‌డాప్, ఎల్‌డాప్3 ఇప్పటికే ఉన్నాయి. మరి మాదెందుకు? నేర్చుకోవడానికి. అంతకు మించి గొప్ప కారణమేం లేదు.

ఎల్‌డాప్ సందేశం మనం చదవగలిగే టెక్స్ట్ కాదు. బీఈఆర్ అనే పద్ధతిలో పేర్చిన బైట్లు: ముందు రకం, తర్వాత పొడవు, తర్వాత సరుకు. స్ట్రింగ్ రకం నంబరు 4. కాబట్టి బీరంగూడ అంటే 4, 21, ఆపైన 21 బైట్లు వెళ్లాలి. నేను స్ట్రింగ్‌ని నేరుగా లెన్ ఫంక్షన్‌కి ఇచ్చాను, 7 వచ్చింది. సర్వర్ ఏడు బైట్లు చదివి, ఎనిమిదోదాన్ని కొత్త వస్తువు అనుకుని, ఏం అర్థంకాక కనెక్షన్ తెంచేసింది. అంతకుముందు టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి మరి! అన్నీ ఇంగ్లీషు పేర్లే, ఒక అక్షరానికి ఒక బైటే.

ఇది సర్దగానే ఇంకోటి బయటపడింది. పొడవు 127 దాకా ఒక్క బైట్‌లో రాస్తే సరిపోతుంది. దాటితే ముందు 129 అని రాసి, అంటే పొడవు తర్వాతి బైట్‌లో ఉందని చెప్పి, అప్పుడు అసలు అంకె రాయాలి. ఇంగ్లీషులో 128 అక్షరాలు రాస్తేగానీ ఆ దారిలోకి వెళ్లం. తెలుగులో ఖాళీలు లేకుండా 43 గుర్తులకే 129 బైట్లు. నాలుగు లైన్ల అడ్రస్ చాలు, మా కోడ్‌లో తప్పు దొరికిపోయింది.

వెతికే ఫిల్టర్ దగ్గర ప్రమాదం వేరే రకం. యూజర్‌నేమ్ గడిలో ఎవడైనా ఒక్క స్టార్ కొడితే, అందరి ఎంట్రీలూ వచ్చేస్తాయి. స్టార్, రెండు బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్, నల్, ఈ ఐదింటినీ బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే హెక్స్ అంకెలుగా మార్చాలని ఆర్‌ఎఫ్‌సీ 4515 చెబుతుంది. ఎంట్రీ పూర్తి పేరుకి నియమాలు వేరు, అక్కడ కామా, ప్లస్‌లతో గొడవ. రెండింటికీ ఒకే ఫంక్షన్ వాడితే కొంప మునిగినట్టే. ఈ పని వాడేవాళ్లకి వదిలేయకుండా లైబ్రరీయే చేయాలని నా పట్టు.

మేం ఎక్కువ కొట్లాడుకున్నది మాత్రం ఇంటిపేరు మీద. పర్సన్ అనే క్లాస్‌లో పూర్తి పేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి. మా వాడొకడు చివరి మాట ఇంటిపేరు అని తీసుకునే ఫంక్షన్ రాశాడు. మనకి ఇంటిపేరు ముందుంటుంది కదా! జాబితాలో నా సొంత పేరు ఇంటిపేరైపోయింది. కొందరి మెమోలో ఇనీషియలే ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. చివరికి ఆ ఫంక్షన్ తీసేశాం. పేరుని లైబ్రరీ విరగ్గొట్టదు, ఏది ఏదో ఇచ్చేవాళ్లే చెప్పాలి.

ఇప్పటికి లాగిన్, వెతకడం పనిచేస్తున్నాయి. టీఎల్ఎస్ ఇంకా లేదు, పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్తుంది కాబట్టి మీ ల్యాప్‌టాప్ దాటి వాడకండి. టెస్ట్ ఫైల్లో పదకొండు తెలుగు పేర్లున్నాయి. మీ ఇంటిపేరు మరీ పొడవైతే ఇవ్వండి, పన్నెండోది అదే.