మీకు తెలుసా? మంత్రి వద్దు, ఏనుగే ముద్దు!
బంటు చివరి గడి చేరితే ఎవరైనా మంత్రినే కోరుకుంటారు. 1895లో గ్లాస్గో పత్రికలో చెస్ శీర్షిక నడిపిన జార్జెస్ బార్బియర్ కూడా అలాగే లెక్కగట్టి, ఒక ఆట ముగింపును డ్రా అన్నారు. తెల్లవైపు రాజు, బంటు. నల్లవైపు రాజు, ఏనుగు. మంత్రి రాగానే నల్ల ఏనుగు ఎదురొచ్చి చెక్ చెబుతుంది. దాన్ని చంపితే నల్లరాజుకు కదలడానికి గడే ఉండదు, స్టేల్‌మేట్! ఆ ఊళ్లోనే ఉంటున్న స్పెయిన్ మతగురువు ఫెర్నాండో సావెద్రా పేరున్న ఆటగాడేమీ కాదు. కానీ ఎంత అందమైన ఎత్తు కనిపెట్టారో చూడండి: బంటును ఏనుగుగా మార్చాలి! వెంటనే మేట్ బెదిరింపు. నల్ల ఏనుగు అడ్డొస్తే తెల్లరాజు ఒక్కడుగు వేస్తాడు. ఆ అడుగుతో ఏనుగుకూ గండం, రాజుకూ గండం. రెండింటినీ కాచుకోవడం నల్లవాడి తరం కాదు.