రిఫరీల వార్మప్: అపోహలు – వాస్తవాలు

ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ళు చేసే వార్మప్‌ను, అంటే కండరాలను, గుండెను, శ్వాసను ఆట వేగానికి అంచెలంచెలుగా సిద్ధం చేసే కసరత్తును, ఎవరూ ప్రశ్నించరు. అదే పని రిఫరీ, ఇద్దరు అసిస్టెంట్ రిఫరీలు చేస్తే మాత్రం చాలామందికి అది లాంఛనంగానే కనిపిస్తుంది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారం ఉద్యోగుల కోసం వెలసిన ఉక్కునగరం వంటి చోట, సముద్రతీరపు వేడిలో, తేమలో ఆట సాగే మైదానాలలో, ఈ చిన్నచూపుకు వాతావరణం గురించిన అపోహలు కూడా తోడవుతాయి.

అపోహ: పరుగెత్తేది ఆటగాళ్ళు, రిఫరీ ఈల ఊదితే చాలు.

ఉన్నత స్థాయి మ్యాచ్‌లో రిఫరీ తొంభై నిమిషాలలో దాదాపు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతారని, ఆ సమయంలో గుండె సగటున తన గరిష్ఠ వేగంలో 85 శాతానికి దగ్గరగా కొట్టుకుంటుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. అంతర్జాతీయ రిఫరీల అర్హత కోసం ఫిఫా నిర్వహించే పరీక్షలో 40 మీటర్ల దూరాన్ని ఆరుసార్లు అతివేగంగా పరుగెత్తాలి. ఆ తర్వాత 75 మీటర్ల పరుగును, 25 మీటర్ల నడకను ఒకదాని వెంట ఒకటిగా నలభైసార్లు పూర్తిచేయాలి. పైగా రిఫరీలు సాధారణంగా ఆటగాళ్ళకంటే పదేళ్ళో పదిహేనేళ్ళో పెద్దవారు కావడంతో, తొడ వెనక కండరం, పిక్క కండరం పట్టేసే ప్రమాదం వారికి తక్కువేమీ కాదు. ఎదురుదాడి మొదటి నిమిషంలోనే మొదలు కావచ్చు. బంతికి నలభై మీటర్ల వెనక చిక్కుకుపోయిన రిఫరీ పెనాల్టీ ఏరియాలోని ఫౌల్‌ను స్పష్టంగా చూడలేరు కనుక, కాళ్ళ సన్నద్ధత చివరికి తీర్పు నాణ్యతకు సంబంధించిన విషయమవుతుంది.

అపోహ: విశాఖ ఎండలో ఒళ్ళు ముందే వేడెక్కి ఉంటుంది కనుక వార్మప్ అనవసరం.

తీరప్రాంతాలలో అన్నిటికంటే బలంగా నాటుకున్న అపోహ ఇదే. అందుకే దీనిని కొంత వివరంగా పరిశీలించాలి. ఎండకు వేడెక్కేది ప్రధానంగా చర్మం. పరుగుకు కావలసినది లోపలి కండరం వేడెక్కడం. విశ్రాంతిలో ఉన్న తొడ కండరం ఉష్ణోగ్రత సుమారు 36 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే, చక్కటి వార్మప్ తర్వాత అది 38 డిగ్రీలు దాటుతుంది. ఆ పెరుగుదలతో కండరం వేగంగా సంకోచిస్తుంది, నాడీ సంకేతాలు త్వరగా చేరతాయి, కీళ్ళు సాఫీగా కదులుతాయి. కుర్చీలో కూర్చుని చెమట పట్టినంత మాత్రాన ఇవేవీ జరగవు. రోజులోని వేళకూ ఇందులో పాత్ర ఉంది: మనిషి శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున కనిష్ఠంగానూ, సాయంత్రానికి గరిష్ఠంగానూ ఉంటుంది కనుక, ఎండ తప్పించుకోవడానికి ఉదయాన్నే పెట్టే మ్యాచ్‌కు కాస్త ఎక్కువ వార్మప్ అవసరమవుతుంది.

అయితే ఈ అపోహలో ఒక నిజం కూడా దాగి ఉంది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట త్వరగా ఆవిరి కాదు, ఒంటి వేడి సులువుగా బయటికి పోదు. అటువంటి మధ్యాహ్నం అరగంటసేపు తీవ్రంగా కసరత్తు చేసిన రిఫరీ ఆట మొదలయ్యేసరికే అలసిపోతారు. కాబట్టి వేడి రోజున వార్మప్‌ను మానేయకుండా పది పన్నెండు నిమిషాలకు కుదించి, వీలైనంత నీడలో చేసి, మధ్యలో నీళ్ళు తాగడం సరైన పద్ధతి. ఆట నియమావళిలోని ఏడవ నియమం, పోటీ నిబంధనలు అనుమతిస్తే, తొంభై సెకన్ల నుంచి మూడు నిమిషాల వరకు శీతల విరామానికి వీలు కల్పిస్తుంది. ఆటగాళ్ళతోపాటు రిఫరీలు కూడా ఆ విరామంలో నీళ్ళు తాగాలి.

అపోహ: నిలబడి కాళ్ళు సాగదీస్తే వార్మప్ అయినట్లే.

ఒకే భంగిమలో కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే, ఆ వెంటనే దాని బలం, పరుగు వేగం కొద్దిగా తగ్గుతాయని అనేక అధ్యయనాలు చూపాయి. కొద్ది సెకన్ల సాగదీతతో నష్టం లేదు గాని, అది వార్మప్ స్థానాన్ని భర్తీ చేయదు. మెల్లటి జాగింగ్‌తో మొదలుపెట్టి, మోకాళ్ళు పైకెత్తడం, కాళ్ళు ఊపడం, పక్కకూ వెనక్కూ పరుగెత్తడం వంటి కదలికల మీదుగా, చివర కొన్ని వేగపు పరుగులకు చేరే క్రమం ఇందుకు అనువైనది.

అపోహ: ఆటగాళ్ళ వార్మప్‌నే రిఫరీలూ చేస్తే సరిపోతుంది.

హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ భారత జట్టులో చోటు సంపాదించి, తరువాత ఫిఫా రిఫరీగా ఎదిగారు. అటువంటి మాజీ ఆటగాళ్ళకు ఆట తెలుసు. కానీ బంతి లేకుండా, ఆటను చూస్తూ వెనక్కి, పక్కకు కదలడం వేరే పని. అందుకే ఫిఫా ఆటగాళ్ళ గాయాల నివారణకు రూపొందించిన ‘11+’ కసరత్తుల క్రమానికి రిఫరీల కోసం ప్రత్యేక రూపం వచ్చింది.

అసిస్టెంట్ రిఫరీల విషయంలో ఈ తేడా మరింత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. వారు మైదానంలో సగభాగం వెంటే తిరుగుతారు కనుక వారికి చిన్న జాగింగ్ చాలుననుకోవడం పొరపాటు. బంతి గాని, చివరి నుంచి రెండవ డిఫెండర్ గాని, ఎవరు గోల్ గీతకు దగ్గరగా ఉంటే వారికి సరిగ్గా సమాంతరంగా నిలిచి ఆఫ్‌సైడ్ చూడవలసినందున, టచ్‌లైన్ వెంట అడ్డంగా జరుగుతూ, ఉన్నట్టుండి తిరిగి అతివేగంగా పరుగెత్తవలసి వస్తుంది. ఆ భారం పిక్కల మీద, గజ్జల మీద పడుతుంది. వారి అర్హత పరీక్షలో పది మీటర్లు ముందుకు, ఎనిమిదేసి మీటర్లు రెండు పక్కలకు, మళ్ళీ పది మీటర్లు ముందుకు పరుగెత్తే భాగం ఉండటానికి కారణం ఇదే. జెండా చేతపట్టి, చూపు మైదానం మీదే ఉంచి ఈ కదలికలను సాధన చేయడం వారి వార్మప్‌కు ప్రాణం.

అపోహ: హాఫ్‌టైమ్ పూర్తిగా కూర్చుని సేదతీరడానికే.

పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుంటే తొడ కండరం ఉష్ణోగ్రత సుమారు రెండు డిగ్రీలు పడిపోతుందని, రెండవ అర్ధభాగం ఆరంభంలో పరుగు వేగం తగ్గుతుందని ఆటగాళ్ళ మీద జరిగిన ప్రయోగాలలో తేలింది. చివరి రెండు మూడు నిమిషాలు తేలికగా కదిలినా ఎంతో మేలు.

ఇంతా చేసినా గాయాలే కావని నమ్మడం మరో అపోహ. వార్మప్ ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తొలగించదు. నిద్రలేమి, వరుస మ్యాచ్‌లు, పాత గాయం ఉన్నచోట దాని రక్షణ పరిమితమే. మూడు షిఫ్టులలో పనిచేసే ఉక్కునగరం వంటి చోట రాత్రి డ్యూటీ దిగి నేరుగా మైదానానికి వచ్చిన రిఫరీకి, మ్యాచ్ అప్పగించేవారు ఈ సంగతి గమనించాలి. టోర్నమెంటు నిర్వాహకులు ఆటగాళ్ళకు కేటాయించినట్లే రిఫరీలకూ మ్యాచ్‌కు ముందు ఇరవై నిమిషాల వ్యవధి, మైదానంలో ఒక పక్క చోటు, కాస్త నీడ, తాగునీరు ఏర్పాటు చేయాలి.