పండుగనాటి వేతనము

పండుగ వచ్చినదనగా మన యిండ్లలో పనులు రెట్టింపగును. ఆ పనులకు కూలి యడుగువారు లేరు. కావుననే సెలవునాటి జీతమనగా నేమో, అది యెవరికి రావలెనో, ఎవరీయవలెనో విచారించుట మనలో అరుదు. అయినను నేడు మన చెల్లెండ్రును కూతుండ్రును బట్టల యంగళ్లలోను, మందుల షాపులలోను, కుట్టుపని శాలలలోను కొలువు చేయుచున్నారు. మనలో గొందరు ఒకరిద్దరు పనివారిని బెట్టుకొని అంగడి నడుపుచు స్వయముగా యజమానురాండ్రే యైరి. ఉభయులును ఎరుగదగిన విషయము గనుక, నేను నివసించు చెన్నపట్టణమున అమలునందున్న చట్టము ననుసరించి వ్రాయుచున్నాను.

బ్యాంకు మూసిన దినమెల్ల అందరికిని సెలవని పలువురనుకొందురు. అది భ్రమ. బ్యాంకుల సెలవులు 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమును బట్టి ప్రభుత్వము ప్రకటించునవి. హుండీలు, చెక్కులు మున్నగువాని చెల్లింపునకు సంబంధించినవి. కచేరీల సెలవుల పట్టిక ప్రభుత్వోద్యోగులది. బడిపంతుళ్లది మరియొక పట్టిక. దానిని నేను కంఠపాఠముగా నెరుగుదును! అంగడిలో చీరలు మడతపెట్టు పిల్లకు ఈ మూటిలో నేదియు వర్తింపదు. ఆమెకు దిక్కు 1958వ సంవత్సరపు జాతీయ, పండుగ సెలవుల చట్టము. తమిళనాట అంగళ్లు, హోటళ్లు, కర్మాగారములు మున్నగువానిలోని పనివారికి అది చేయబడినది.

దాని ప్రకారము జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 అను నాలుగు దినములును, ఇవిగాక ఐదు పండుగలును సెలవులు. ఈ తొమ్మిది దినములకును, పని చేయకున్నను, వేతనమీయవలెను. ఆ యైదు పండుగలు ఏవియో చట్టము చెప్పలేదు. యజమానిని, పనివారిని సంప్రతించి ఇన్‌స్పెక్టరు నిర్ణయించును. నాకు మిక్కిలి నచ్చినది ఈ భాగమే. ఉగాది కావలెనా, రంజాను కావలెనా, క్రిస్టమస్సు కావలెనా యని పనివారి నోట వినవలసియున్నది. తెలుగు ఆడువారు నలుగురున్న చోట ఉగాదిని నోరువిప్పి యడుగుట మంచిది. అడుగకున్న తమిళ సంవత్సరాది మాత్రమే పట్టికకెక్కును. తరువాత చింతించి ఫలమేమి?

సెలవునాడు పనికి రమ్మనుటకు యజమానికి హక్కులేకపోలేదు. అయితే ఇరువదినాలుగు గంటలు ముందుగా వ్రాతమూలమున నోటీసీయవలెను. అట్లు వచ్చి పనిచేసినవారికి రెండు దారులు: ఆ దినమునకు రెట్టింపు వేతనము, లేదా ఒక దినపు వేతనముతో బాటు మరియొకనాడు వేతనముగల మారుసెలవు. ఈ రెంటిలో దేనినో కోరుకొను స్వాతంత్ర్యము పనివారిది గాని యజమానిది గాదు.

మా వీధిలోని యొక యువతి మొన్నటి ఆగస్టు 15న ఒక బట్టల యంగడిలో రాత్రి తొమ్మిదింటి దాక నిలువుకాళ్లపై పనిచేసెను. అదనపు కూలి యడుగగా, "నెలజీతములోనే యున్నది గదా" యనిరట. లెక్క చూతము. జీతము 13,000 రూపాయలు. వాడుకగా 26 దినములచే భాగించిన దినమునకు 500. ఆమె యింట గూర్చున్నను ఆ 500 వచ్చియుండును. పనిచేసినందున రావలసినది 1,000. నెలజీతములో చేరినది సగమే. తక్కిన 500 గాని, మారుసెలవు గాని ఆమెకు బాకీయున్నవి. దినకూలివారికైనచో ఆ వేయియు నాడే చేతిలో పెట్టవలెను.

చిన్న యంగడివారి మొర కూడ వినవలసినదే. దీపావళికి ముందు మిఠాయికొట్టు మూయుమనుట అవివేకము. అట్టివారికి మారుసెలవే మేలు. బేరములు మందగించిన వారములో ఈయవచ్చును, పనివారు సమ్మతించినచో. ఇక ఖర్చు: 500 చొప్పున తొమ్మిది దినములకు ఏడాదికి 4,500. నెలకు 375 రూపాయలు వేరుగా నుంచినచో బరువు తోచదు. పని నేర్చిన పిల్ల మానిపోయిన పిదప క్రొత్తదానికి నేర్పు నష్టము ఇంతకన్న నెక్కువని నా యభిప్రాయము.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణములందు ఇట్టి సెలవులకై 1974వ సంవత్సరపు చట్టము కలదు. ఓటువేయు దినము మాత్రము దేశమంతటను ఒక్కటే నియమము: 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టములోని 135బి నిబంధన ననుసరించి, వ్యాపార సంస్థలలో పనిచేయు ఓటరులకు వేతనముతో సెలవీయవలెను. పని లేనినాడు కూలిరాని దినకూలివారికి సైతము ఆనాటి కూలి చెల్లవలెను.

ఈ సెలవుల చట్టములో మన వంటయింటి ప్రసక్తి లేదు. ఇల్లు అంగడి కాదు. అంట్లుతోము ఆమెకు ఆ తొమ్మిది దినములు వర్తింపవు. పండుగనాడు నాలుగిండ్ల బూరెల మూకుళ్లు తోమి, తన యింట పొయ్యి రాజేయు వేళకు పొద్దుగ్రుంకునది ఆమెయే. చట్టము విడిచినచోట మనము సరిపెట్టుకొనుటకు అడ్డేమియు లేదు. మా యింట గోడమీది క్యాలెండరులో తొమ్మిది సున్నలు చుట్టి, ఆ దినములు రాకున్నను జీతము కోయక, వచ్చినచో రెట్టింపిచ్చు నేర్పాటు చేసితిమి. దినములను ఆమెనే యేరుకొమ్మంటిని. సంక్రాంతి, దీపావళి యడుగునని తెలియును. అవిగాక ఆడినెలలో తమ పేటలో అమ్మవారికి అంబలి కాచిపోయు ఆదివారము నడిగినది. ఇన్నేండ్లుగా ఆమె ఆ ఆదివారమున మా యింటికి వచ్చుచునే యుండెను.